గీత పడిన ప్లేటు

మా కాలేజీ రేడియోకి ఆకాశంతో ఏ సంబంధమూ లేదు. ఒక కారు బ్యాటరీ, ఒక యాంప్లిఫయరు, ఒక మైకు, కాలేజీ డాబా మీద బజారు వైపుకి తిప్పి కట్టిన ఒక లౌడుస్పీకరు గొట్టం, అంతే. మా అమలాపురంలో కొబ్బరికాయలు ఎగుమతి చేసే షావుకారొకాయన, కొడుక్కి సీటు దొరికిన సంతోషంలో ఇవన్నీ కాలేజీకి ఇచ్చాడు. వాటితోబాటు ఒక రేడియో సెట్టు కూడా ఇచ్చాడు గనక, మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ సెట్టు ముందు మైకు పెట్టి బెజవాడ వార్తలు ఊరికి వినిపించేవాళ్ళం. వార్తలకి ముందు అరగంట నాది. మైకుని కాలేజీ గ్రామఫోను ముందుకి జరిపి ప్లేట్లు వేసేవాణ్ణి. గొట్టం ఒకటే గనక ఊళ్ళోవాళ్ళకి రెండూ ఒకటే. అందులోంచి ఏది వచ్చినా రేడియోలో వచ్చినట్టే.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. ఆ అరగంటకి నేను రాజుని. సినిమా ప్లేట్లు ఎవడైనా వేస్తాడు, నేను వేసేవి ఎవడూ వినని ప్లేట్లు అని మహా గర్వంగా ఉండేది. నాటకాల కంపెనీలో ఆడవేషం కట్టే మగాయన పాడిన జోలపాట, ఊరూ పేరూ తెలియని ఒక క్లారినెట్, ఏ దేశపు భాషో తెలియని ఒక పడవపాట, ఇలాంటివి ఎక్కడ దొరికినా తెచ్చి వేసి, వాటి గురించి తెలిసినా తెలియకపోయినా రెండు ముక్కలు మైకులో చెప్పేవాణ్ణి. "మీరిప్పుడు వినబోయేది..." అని గొంతు బరువు చేసి మొదలుపెడితే వరండాలో ఆడపిల్లలు కిసుక్కుమనేవారు. అది మెచ్చుకోలు అనుకునేవాణ్ణి.

బుధవారం మాత్రం నోరు విప్పేవాణ్ణి కాదు. ఆ రోజుకి 'పోల్చుకోండి' అని ఒక అంశం పెట్టాను. మొదటి ప్లేటు పేరు చెప్పకుండా రెండుసార్లు వేస్తాను. అది ఏ వాయిద్యమో, ఏ ప్రాంతపు పాటో పోల్చుకుని చీటీ రాసి వరండాలో ఉన్న పెట్టెలో వెయ్యాలి. సరిగ్గా రాసినవాడి పేరు మర్నాడు గొట్టంలో చదువుతాను. రేడియో బాధ్యత చూసే ఫిజిక్సు లెక్చరరు భాస్కరరావుగారు "బాగుందోయ్ ధర్మరాజూ, చెవులకి పరీక్ష పెట్టేవు" అని భుజం తట్టారు.

ఏ ప్లేటుకైనా మొదటి శ్రోత మా అమ్మ, వెంకటరమణమ్మ. మా ఇల్లు కాలేజీ వెనకాల కాలవ గట్టున ఉండేది. గొట్టం బజారు వైపు తిరిగి ఉన్నా మా వంటింట్లోకి ప్రతి ముక్కా వినపడేది. నేను ఇంటికి రాగానే కంచం ముందు కూచోబెట్టి తీర్పు చెప్పేది. "ఆవిడెవరో ముక్కుతో పాడుతోంది గానీ బాగుందిరా" అనేది. "ఆ బాకా ఊదేవాడికి ఇంట్లో తిండి పెట్టట్లేదా ఏవిటి, మధ్యలో అలా నీరసపడిపోయేడు?" అనేది. అమ్మకి అక్షరం రాదు. నాకున్న కాస్త చెవీ మాత్రం అమ్మ ఇచ్చిందే.

మా నాన్నగారు, వెంకటస్వామి మాస్టారు, బోర్డు స్కూల్లో హెడ్మాస్టరు. ఆయనకి సంగీతం గిట్టదని కాదు, పట్టదు. ఆయన నమ్మేది అచ్చుని. ఎవరే సంగతి చెప్పినా "పేపర్లో పడిందా?" అని అడిగేవారు. మద్రాసు నుంచి పేపరు రాజమండ్రి దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో వచ్చి, పడవ మీద రేవు దాటి, మర్నాటి సాయంత్రానికి మా ఊరు చేరేది. అంతవరకూ ఆయన దృష్టిలో ఏదీ జరగనట్టే.

ఆ ఏడు, యాభై రెండులో, పేపరు నిండా ఒకటే సంగతి. ఆంధ్రకి వేరే రాష్ట్రం ఇవ్వాలని మద్రాసులో ఒక పెద్దాయన అన్నం మానేసి దీక్షకి కూచున్నారు. అక్టోబరులో మొదలైంది. కార్తీకమాసం కూడా వెళ్ళిపోయింది. పోలిస్వర్గం నాడు అమ్మ తెల్లారగట్ల కాలవలో దీపాలు వదిలి వచ్చి, వంట చేసి వడ్డిస్తే, నాన్నగారు పీట మీద కూచుని కంచం వంక కాసేపు చూసి లేచిపోయారు.

"ఏవండీ, ఒంట్లో బాగోలేదా?" అంది అమ్మ కంగారుగా.

"బాగానే ఉందే. అక్కడ ఒకాయన మన అందరి కోసం నోరు కట్టుకుని కూచున్నాడు. ఇక్కడ నేను పప్పులో నెయ్యేసుకుంటుంటే సిగ్గేస్తోంది. ఆయన అన్నం ముట్టిన రోజున నేనూ ముడతాను. ఆయనే లేని రోజు వస్తే ఆ రోజున ముడతాను. అంతదాకా రెండు పూటలా మజ్జిగా, ఓ అరటిపండూ చాలు."

అమ్మ బతిమాలింది, ఏడ్చింది, తనూ మానేస్తానని బెదిరించింది. "నువ్వు మానేస్తే మజ్జిగెవరు చేస్తారే?" అని నాన్నగారు నవ్వారు. ఆయన మాట అంటే మాటే. అమ్మకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

ఆయన అసలే బక్కమనిషి. పద్దెనిమిదో రోజున బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ కూలిపోయారు. పిల్లలు మోసుకొచ్చారు. మా పక్కింట్లో ఏసుదాసుగారని ఆసుపత్రి కాంపౌండరు ఉండేవారు. ఆయన వచ్చి నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బయటికి వచ్చాక మెల్లిగా అన్నారు.

"అమ్మా, గుండె చాలా నీరసంగా కొట్టుకుంటోందండి. ఇలాగే ఇంకో పది రోజులు సాగితే నేనేవీ చెప్పలేనండి. కడుపులోకి కాస్త మెతుకు వెళ్ళాలండి. అదైనా గట్టి అన్నం కాదు, మెత్తగా ఉడికించి, పెసరకట్టు కలిపి."

"ఆయ్" అంది అమ్మ.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో అన్నం మెత్తగానే ఉడికేది. రోజూ అదే, పక్కన పెసరకట్టు. "ఇదేం అన్నమే, జావలా ఉంది" అని నేను విసుక్కుంటే, "ఆయనెప్పుడు ఊఁ అంటారో ఎవరికి తెలుసురా, అప్పటికప్పుడు ఉడుకుతుందా?" అంది. తరవాత నేను విసుక్కోలేదు. నాన్నగారు మాత్రం మర్నాడే లేచి, ఎవరెంత వద్దన్నా మళ్ళీ స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఇలా ఉంటే నేను ప్లేట్లు వేసుకుంటూ తిరిగానా అంటే, తిరిగాను. ఇంట్లో ఉండలేకపోయేవాణ్ణి. నాన్నగారి చెంపలు లోపలికి పోతుంటే చూడలేక జగ్గారావు కొట్లో కూచునేవాణ్ణి. జగ్గారావు సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు, పెళ్ళిళ్ళకి మైకు కట్టేవాడు. పాత ప్లేట్లు కూడా అతని దగ్గరికే చేరేవి. డిసెంబరు మొదటివారంలో ఒక గోనె మూట నా ముందు పడేశాడు.

"చూసుకోండి ధర్మరాజుగారూ. యుద్ధంలో బర్మాలో రంగం నుంచి నడిచొచ్చినోళ్ళవండి ఇవి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తా ప్లేట్లు మోసుకొచ్చేరంటే, ఎంత పిచ్చో చూడండి మరి!"

సగం విరిగిపోయాయి. ఒకటి మాత్రం నా కోసమే మిగిలినట్టుంది. కాగితం చెరిగిపోయి పేరు కనపడదు. ముల్లు పెట్టగానే సారంగి మొదలైంది. సారంగి అని నాకూ అప్పుడు తెలీదు, భాస్కరరావుగారిని అడిగితే చెప్పారు. మా వైపు ఎవరూ వాయించరు. మనిషి గొంతు కాదు గానీ, మాట రానంత ఏడుపు వచ్చినప్పుడు మనిషి చేసే చప్పుడులా ఉంది. అంచు నుంచి మధ్య దాకా ప్లేటు మీద ఒక గీత పడింది. ముల్లు ఆ గీత దాటినప్పుడల్లా టక్కు, టక్కు అంటుంది. సగం దాటాక ఆ చప్పుడు పోయి వాయిద్యం ఒక్కటే మిగులుతుంది. వచ్చే బుధవారం ఇదే వెయ్యాలని అక్కడికక్కడే తీర్మానించేసుకున్నాను.

ఆదివారం నాన్నగారు మీటింగుకి వెళ్ళినప్పుడు జగ్గారావు గ్రామఫోను అడిగి ఇంటికి తెచ్చి అమ్మకి వినిపించాను. కూర తరుగుతున్నదల్లా కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది.

"ఎవరో పోయినట్టుందిరా."

"అదేం మాటమ్మా!"

"బాగోలేదన్లేదు. ఇంకోసారి వెయ్యి." రెండోసారి వింటూ గీత చప్పుడు దగ్గర వేలితో గిన్నె అంచు మీద తనూ కొట్టింది. టక్కు, టక్కు. "ఈ పంటికింద రాయి లేకపోతే ఇంకా బాగుండేది" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నలభై ఎనిమిది జనవరిలో గాంధీగారు పోయినప్పుడు నేను ఊళ్ళో లేను. అంతర్వేది దగ్గర అమ్మమ్మగారింట్లో మశూచి పోసి మంచం మీద ఉన్నాను. అమ్మ నా పక్కనే ఉంది. ఆ వాడలో రేడియో లేదు. అమలాపురంలో మాత్రం షావుకారుగారి అరుగు మీద రేడియో పెట్టారట. పొద్దస్తమానం అందులో మాట లేదు, పాట లేదు, ఇలాంటి తీగవాయిద్యమే ఏడ్చిందట. ఊరంతా ఆ అరుగు ముందు నిలబడి విన్నదట. మా నాన్నగారు కూడా. నేనూ అమ్మా వినలేదు.

డిసెంబరు పదో తారీకు బుధవారం. పొద్దున్న బస్సులో వచ్చినవాళ్ళు మద్రాసులో పెద్దాయన స్థితి బాగాలేదనీ, స్పృహ తప్పుతోందనీ చెప్పారు. ఊళ్ళో పని చేసేవాళ్ళు కూడా ఒక చెవి కాలేజీ వైపు పెట్టుకునే ఉన్నారు. నాకు ఇవేవీ పట్టలేదు. పన్నెండున్నరకి గ్రామఫోనుకి కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ప్లేటు మీద పెట్టాను. అయిపోగానే మళ్ళీ మొదటికి తెచ్చి పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాను. ఇంత మంచి ప్లేటు ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదనుకున్నాను.

చీటీలు ఎన్ని పడ్డాయో చూద్దామని బయటికి వస్తే వరండాలో ఎవరూ లేరు. పెట్టె ఖాళీగా ఉంది. గేటు అవతల కుర్రాళ్ళు గుంపుగా పరిగెడుతున్నారు. బజారులో కొట్ల తలుపులు ధనధనా మూస్తున్నారు. సోడాల బండి ముందు ఎవరో ముసలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. జగ్గారావు సైకిలు మీద నాకెదురొచ్చాడు.

"ఎప్పుడు పోయేరండీ?"

"ఎవరు?"

"ఎవరంటారేవిటండీ! రేడియోలో ఏడుపు వాయిద్యం వేసేరు కదండీ. గాంధీగారు పోయినప్పుడు ఇదేనండి, రోజంతా ఇదే!"

"జగ్గారావూ, అది నువ్విచ్చిన ప్లేటయ్యా!" అన్నాను. కొట్లు మూసేవాళ్ళకి చెప్పమని అతన్ని పంపి నేను ఇంటికి పరిగెత్తాను. నాన్నగారు మధ్యాహ్నం స్కూలు విడిచిపెట్టగానే వచ్చి వరండాలో మంచం మీద పడుకుంటారు. ఆయన వినే ఉంటారు.

మంచం ఖాళీగా ఉంది. నూతి దగ్గర నేలంతా తడిసి ఉంది. వంటింటి గుమ్మంలోకి వెళ్ళి ఆగిపోయాను.

నాన్నగారు తలస్నానం చేసి, తడిబట్టతోనే పీట మీద కూచున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చెయ్యి వణికిపోతోందని అమ్మే కలిపి, ముద్ద చేసి ఆయన చేతిలో పెడుతోంది. ఆయన నోట్లో పెట్టుకుని, మింగి, మళ్ళీ చెయ్యి చాపుతున్నారు. ఇరవై రెండు రోజుల తరవాత మా నాన్నగారు అన్నం తింటున్నారు.

నేను నోరు తెరిచాను. అమ్మ తలెత్తి నా వంక చూసింది. ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. కంగారు లేదు, ఆశ్చర్యం లేదు. వద్దు అన్నట్టు తల కొద్దిగా ఊపింది, అంతే. ఆ ముద్ద నాన్నగారి చేతిలో పెట్టింది.

నేను మాట్లాడలేదు. మాట్లాడి ఉండవలసిందని చాలా ఏళ్ళు అనుకున్నాను. గుమ్మం పట్టుకుని నిలబడి, ఆయన గొంతు కదలడం చూస్తూ, ఇంకొకటి, ఇంకొక్కటి అని మనసులో అనుకున్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని నీళ్ళు పుక్కిలిస్తుండగా ఒంటిగంట అయింది. కాలేజీ గొట్టం గరగరమంది. భాస్కరరావుగారు సెట్టు పెట్టినట్టున్నారు. బెజవాడ నుంచి వార్తలు. మద్రాసులో దీక్ష యాభై మూడో రోజుకి చేరిందనీ, ఆయన బాగా నీరసించారనీ, వైద్యులు కనిపెట్టుకుని ఉన్నారనీ చదివారు.

నాన్నగారు నోట్లో నీళ్ళతో అలాగే నిలబడిపోయారు. తరవాత పెరట్లోకి వెళ్ళి గొంతులో వేళ్ళు పెట్టుకున్నారు. ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టుకున్నారు. అమ్మ గోడ వైపు తిరిగి రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఆయన లోపలికి వచ్చి మంచం మీద కూచుని నన్ను పిలిచారు. కోపం లేదు. తిట్టినా, కొట్టినా బాగుండేది.

"అది నువ్వు వేసిన ప్లేటా?"

"అవునండి."

"ఆ వాయిద్యం ఎప్పుడు వేస్తారో నీకు తెలీదు."

"తెలీదండి, నాన్నగారూ."

"మీ అమ్మకి తెలుసా, అది నీ ప్లేటని?"

అమ్మ తలుపు వెనక ఉంది. గాజుల చప్పుడు కూడా లేదు.

"తెలీదండి" అన్నాను.

ఆయన, "సరే. తెలీక జరిగింది తప్పు కాదు, పొరబాటు" అన్నారు. "పొరబాటైనా సరిదిద్దుకోవాలి కదా." ఆ పూట నుంచి మజ్జిగ, అరటిపండు కూడా మానేశారు. రెండు పూటలా కొబ్బరినీళ్ళు మాత్రం పుచ్చుకునేవారు.

సాయంత్రం కాలవ రేవులో గిన్నెలు తోముతూ అమ్మ తనంతట తనే చెప్పింది. "ఆ టక్కు వినగానే తెలిసిందిరా నీ ప్లేటని. ఈలోగా ఆయన లేచి కూచుని, పోయేరా అని అడిగేరు. పోయేరండీ అనేశాను. నోట్లోంచి అలా వచ్చేసింది." గిన్నె తిప్పి మళ్ళీ తోమింది. "అన్నం తయారుగా ఉంది మరి."

నాకు అమ్మ మీద కోపం వచ్చింది. అంతలోనే అమ్మని పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యకుండా కడిగిన గిన్నెలు అందుకున్నాను.

కాలేజీలో భాస్కరరావుగారు గ్రామఫోనునీ, ఆ ప్లేటునీ బీరువాలో పెట్టి తాళం వేసేశారు. "బతికున్న మహానుభావుడికి పాడె కట్టేసేడయ్యా మాస్టారి కొడుకు" అని బజారంతా అన్నారు. నేను తలదించుకుని తిరిగాను. అయినా అదంతా నాకు పెద్ద బాధ కాదు. నా గుండె ఇంట్లో మంచం మీద ఉంది.

తరవాత మంగళవారం పొద్దున్నే ఆ కబురు నిజంగానే వచ్చింది. ముందు రోజు రాత్రి మద్రాసులో ఆయన పోయారు. భాస్కరరావుగారు గొట్టంలో తనే చెప్పారు. చెప్పి, బీరువా తాళం తీసి, "ధర్మరాజూ, ఆ సారంగి..." అన్నారు.

"అది మాత్రం వద్దండి" అన్నాను. ఆయన నా మొహం చూసి తాళం వేసేశారు.

అయినా ఊరు వెంటనే కదల్లేదు. జగ్గారావు గేటు దాకా వచ్చి అందరి తరఫునా నన్నే అడిగాడు. "ఈసారి నిజమేనాండి?" ఆయ్ అన్నాక వెళ్ళి కొట్టు మూశాడు. మధ్యాహ్నానికి నల్లజెండాలు లేచాయి, ఊరేగింపులు బయల్దేరాయి.

నేను ఇంటికి వెళ్ళి నాన్నగారికి చెప్పాను. ఏసుదాసుగారూ చెప్పారు. వీధిలో ఊరేగింపు నినాదాలు వినపడుతున్నాయి. ఆయన పడుకునే విన్నారు.

"నిజమే కావచ్చు. మొన్న కూడా ఊరంతా ఇలాగే చెప్పింది. ఆ గొట్టం నేను నమ్మను. పేపర్లో చూశాక తింటాను. రెండోసారి తప్పు చెయ్యను."

ఆ పేపరు రాలేదు. ఆ చావు కబురుతో ఆంధ్ర అంతా అట్టుడికిపోయింది. రైళ్ళు ఆగిపోయాయి. రోజూ సాయంత్రం నేను బస్సు దగ్గరికి వెళ్ళి వట్టిచేతులతో తిరిగి వచ్చేవాణ్ణి. మంగళవారం, బుధవారం, గురువారం. ప్రతి పూటా అమ్మ మెత్తగా వండి వడ్డించి, "నిజమేనండీ, నా మాట నమ్మండి" అనేది. "నీ మాట కాదే, నువ్వూ గొట్టంలో విన్నదే కదా" అని ఆయన కళ్ళు మూసుకునేవారు. గురువారానికి కొబ్బరినీళ్ళు కూడా సగం నోటిపక్కనుంచి కారిపోతున్నాయి.

శుక్రవారం పొద్దున్న ఏసుదాసుగారు నాడి చూసి, అమ్మ వంక చూడకుండా నాతో అన్నారు. "ఇవాళ కడుపులోకి ఏదో ఒకటి వెళ్ళాలండి బాబూ. రేపటికి నా చేతిలో ఏవీ ఉండదండి." ఆయన వెళ్ళాక అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి, మంచం పక్కన నేల మీద కూచుంది.

"ఏవండీ, ఈసారి అబద్ధం కాదండీ."

నాన్నగారు కళ్ళు తెరిచారు. "మొన్న మాత్రం అబద్ధం ఎవరాడేరే? ఊరంతా పొరబడింది."

"ఊరు పొరబడిందండి. నేను అబద్ధం ఆడేను."

ఆయన తల తిప్పి ఆవిడ వంక చూశారు.

"అది మనవాడి ప్లేటని నాకు తెలుసండి. గీత పడ్డచోట టక్కుటక్కుమంటుంది. ఆ ఆదివారం ఇక్కడే కూచుని రెండుసార్లు విన్నాను. మీరు పోయేరా అని అడిగితే తెలిసే పోయేరన్నాను. మీరు ఏడుస్తుంటే తెలిసే నీళ్ళు తోడేను. తెలిసే పెట్టేను." అమ్మ గొంతు ఎక్కడా తడబడలేదు. "వాణ్ణి ఏవీ అనకండి. వాడు నాకోసం తెలీదన్నాడు."

నాన్నగారు నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను.

వీధిలో ఎవరో బండిని అదిలిస్తున్నారు. చివరికి నాన్నగారు, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆ టక్కు నాకెందుకు వినపడలేదు?" అన్నారు.

"మీరు ఆయన్ని తలుచుకుంటున్నారండి" అంది అమ్మ. "నేను మిమ్మల్ని చూస్తున్నాను."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. "ఇంత మాట కడుపులో పెట్టుకుని ఇప్పుడు బయటికి చెప్పేవంటే, ఆయన పోవడం నిజమే" అన్నారు. చనిపోయిన ఆయన కోసమే ముందు ఏడ్చారు. చిన్నపిల్లాడిలా, చప్పుడు లేకుండా, చాలాసేపు. అమ్మ కదలకుండా కూచుంది. తరవాత ఆయన, "కంచం పెట్టు" అన్నారు.

నేను ఆయన్ని లేవదీసి గోడకి ఆనించి కూచోబెట్టాను. అమ్మ పరుగున వెళ్ళి అన్నం, పెసరకట్టు తెచ్చి, ఎదురుగా కూచుని కలపబోయింది.

"ఉంచు. నేను కలుపుకుంటాను."

అమ్మ చెయ్యి కంచం మీదే ఆగింది. ఒక్క క్షణం. తరవాత కంచం ఆయన వైపు జరిపి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన వణికే వేళ్ళతో కలుపుకున్నారు. సగం మెతుకులు దుప్పటి మీద పడ్డాయి. నేను సాయం చెయ్యబోతే వద్దన్నట్టు చూశారు. ఒక్కొక్క ముద్దకీ ఎంతోసేపు పట్టింది.

రాష్ట్రం ఇస్తున్నారన్న వార్త కూడా ఆ రోజే గొట్టంలో వచ్చింది. నాలుగు రోజుల పేపర్లూ ఆదివారం ఒక్కసారే వచ్చాయి. నాన్నగారు అన్నీ వరసగా చదివి మడతపెట్టారు. ఆ తరవాత ఆయన పద్దెనిమిదేళ్ళు బతికారు. అమ్మని ఒక్క మాట అనలేదు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ మా ఇంట్లో అమ్మ గిన్నెలు తెచ్చి పీట ముందు పెట్టి పక్కకి తప్పుకునేది, ఆయన తనే వడ్డించుకుని తినేవారు. చుట్టాలు చూసి ఇదేం ఆచారమని అడిగితే, మాస్టారికి అలా అలవాటండీ అని అమ్మ నవ్వేది. నేను మళ్ళీ ఏ గొట్టం ముందూ కూచోలేదు.

ఆ శుక్రవారం కంచం తీసుకుని నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ తలుపు వెనక గోడకి ఆనుకుని ఉంది. కంచం ఖాళీగా ఉందో లేదో చూసింది.

"ఎన్ని ముద్దలు తిన్నారురా?"

"తొమ్మిది."

అమ్మ కంచం అందుకుంది. "ఆవేళ నా చేత్తో పదకొండు తిన్నారు" అంది.